బటన్ క్వెయిల్ పిల్లలకు కొన్న బ్రూడర్ పెట్టె

నల్గొండ గడియారం సెంటర్ దగ్గరి ఒక పక్షుల దుకాణంలో పక్షి పిల్లలను వెచ్చగా ఉంచే, బల్బు అమర్చిన బ్రూడర్ పెట్టెను ఈ చలికాలంలో కొన్నాను. బటన్ క్వెయిల్ పేరుతో అమ్మే ఈ బుల్లి కౌజు పిట్టల పిల్లలు బొటనవేలంత కూడా ఉండవు కాబట్టి, మొదటి వారం 35 డిగ్రీలకు తగ్గని వెచ్చదనం వాటికి తప్పనిసరి. ఆ పనిని పెట్టె రాత్రంతా నమ్మకంగా చేసింది. అయితే దానితో ఇచ్చిన నీళ్ల గిన్నె లోతుగా ఉన్నందున ఒక పిల్ల మునిగి చనిపోయింది, ఆ తర్వాతే నేను గిన్నెలో గులకరాళ్లు నింపాను. అడుగున ఉన్న నున్నటి రేకు కూడా తగినది కాదు, ఎందుకంటే దానిపై లేత కాళ్లు జారి పక్కలకు విచ్చుకుపోతాయి. పాత తువ్వాలు పరిచాక ఆ ఇబ్బంది తీరింది. గిన్నె మార్చి ఇస్తేనే ఇంకొకరికి ఈ పెట్టెను సిఫారసు చేస్తాను. అక్కడే కొన్న దాణా పలుకులు పెద్దవి, మెత్తగా దంచి పెట్టాల్సి వచ్చింది.