ఉపన్యాసం క్యాంపస్‌లోనా, ఊళ్లోనా?

భట్టిప్రోలు శాసనాల (అక్కడి బౌద్ధ స్తూపంలో దొరికిన, ప్రాచీన బ్రాహ్మి లిపి రాతలు) మీద మాట్లాడే అతిథి దొరికారు. సభ నాగార్జున యూనివర్సిటీలో పెట్టాలా, గుంటూరు ఊళ్లో హాలు తీసుకోవాలా?

ఖర్చు: క్యాంపస్‌లో హాలు, మైకు డిపార్ట్‌మెంట్‌వే. ఊళ్లో అద్దె, ఫ్లెక్సీ మన జేబులోంచే.

శ్రమ: క్యాంపస్‌లో సంతకాల కోసం తిరగాలి. ఊళ్లో అడ్వాన్సు కడితే తేదీ ఖాయం.

జనం: అసలు తేడా ఇక్కడే. క్యాంపస్ గుంటూరు, విజయవాడల మధ్య హైవే మీద ఉంది. మధ్యాహ్నం విద్యార్థులతో కుర్చీలు నిండుతాయి, సగం మంది అటెండెన్స్ కోసమే అనుకోండి. నాలుగు దాటితే బస్సు టెన్షన్, బ్యాగుల జిప్పుల చప్పుడు. ఊళ్లో సాయంత్రం ఆరింటికి వచ్చేది నలభై మందే కావచ్చు. కానీ ఒకసారి ఓ రిటైర్డ్ మాస్టారు చేతిసంచిలోంచి నోట్‌బుక్ తీసి, "అశోకుడి బ్రాహ్మిలోని 'మ' భట్టిప్రోలులో తలకిందులైంది కదండీ, ఎందుకంటారు?" అని అడిగారు. ఆ ప్రశ్నతోనే అరగంట నడిచింది.

రిస్కు: ఊళ్లో శాలువాలు, అధ్యక్షోపన్యాసం అతిథి టైమును మింగేస్తాయి. క్యాంపస్‌లో పరీక్షలొస్తే హాలు ఖాళీ.

స్లైడ్లతో, సిలబస్‌కు దగ్గరగా ఉండే ప్రసంగమైతే క్యాంపస్. స్థానిక చరిత్ర, సాహిత్యమైతే నా ఓటు ఊళ్లో హాలుకే. అతిథి రాత్రి రైలెక్కాల్సిన రోజైతే మాత్రం సభ మధ్యాహ్నం, క్యాంపస్‌లోనే.