సైకిల్ తొక్కే మనిషిని గుద్ది చంపితే ఏ శిక్ష మేలు: పదేళ్ల సెక్షనా, ఐదేళ్ల సెక్షనా, లైసెన్స్ రద్దా?

సైకిల్ మీద వెళ్తున్న మనిషిని కారో లారీనో గుద్ది చంపిందని వార్త వస్తే మనందరి నోటా ముందు వచ్చే మాట ఒక్కటే, వాణ్ణి జన్మలో బయటికి రానివ్వకూడదు అని. ఆ కోపంలో తప్పేం లేదు, నాకూ అంతే కోపం వస్తుంది. కానీ పుస్తకంలో ఉన్న శిక్ష వేరు, చివరికి పడే శిక్ష వేరు, అందుకే ఉన్న దారులన్నీ పక్కపక్కన పెట్టి ఏది నిజంగా పనిచేస్తుందో చూద్దాం. సైకిల్ అనగానే హెల్మెట్ పెట్టుకుని ఆదివారం పొద్దున హైదరాబాద్ ఓఆర్ఆర్ పక్కన సోలార్ ట్రాక్ మీద తొక్కేవాళ్లే గుర్తొస్తారు గానీ, ఆ 23 కిలోమీటర్ల ట్రాక్ దాటితే రోడ్డు మీద కనిపించేది ఎక్కువగా పాలు పోసేవాళ్లు, వాచ్‌మన్‌లు, పేపర్ వేసే కుర్రాళ్లు, కూలి పనికి వెళ్లేవాళ్లు. 2022లో దేశం మొత్తం మీద రోడ్డు ప్రమాదాల్లో 1.68 లక్షల మంది పోతే అందులో నాలుగు వేల మందికి పైగా సైకిల్ మీద ఉన్నవాళ్లే. వీళ్ల ఇళ్లలో లాయర్ని పెట్టుకునే స్తోమత ఎంతమందికి ఉంటుంది? శిక్ష గురించి మాట్లాడేటప్పుడు ఇది మర్చిపోతే మిగతాదంతా గాల్లో లెక్కే.

ముందు ఐదేళ్ల సెక్షన్ చూద్దాం. పాత ఐపీసీలో ఇది 304ఏ, నిర్లక్ష్యంగా ప్రాణం తీస్తే రెండేళ్ల వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. అంటే జరిమానా కట్టించుకుని పంపేసినా చట్టం ఒప్పుకునేది. 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత అమల్లోకి వచ్చాక అది 106(1) అయింది, ఐదేళ్ల వరకు జైలు, దాంతోపాటు జరిమానా. పెరిగింది, మంచిదే. కానీ కనీసం ఇన్నాళ్లు జైలు అని ఎక్కడా లేదు, ఐదేళ్లనేది పైకప్పు మాత్రమే, కింద నేల లేదు. పైగా బెయిలబుల్. ఈ సెక్షన్‌లో ఉన్న మేలు ఏంటంటే రుజువు చేయడం తేలిక, డ్రైవర్ మనసులో ఏముందో తేల్చక్కర్లేదు, ర్యాష్‌గానో అజాగ్రత్తగానో నడిపాడని, దానివల్లే మనిషి పోయాడని చూపిస్తే చాలు, మేజిస్ట్రేట్ కోర్టులోనే అయిపోతుంది.

అయితే కింద నేల లేకపోవడం ఎలా ఉంటుందో దగ్గర్నుంచి చూశాను. మా పక్క అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ నైట్ డ్యూటీ దిగి సైకిల్ మీద ఇంటికి వెళ్తుంటే సర్వీస్ రోడ్డులో రాంగ్ సైడ్ వచ్చిన కారు గుద్దేసింది. నడిపినవాడికి ఆ సాయంత్రమే స్టేషన్ బెయిల్. రవాణా శాఖ ఇన్‌స్పెక్టర్ (ఎంవీఐ) వచ్చి బ్రేకులు చూసి రిపోర్ట్ రాశాక కారు కూడా ఇంటికెళ్లిపోయింది. సైకిల్ మాత్రం కేసు ప్రాపర్టీ కింద స్టేషన్ ఆవరణలో, పట్టుబడ్డ బైకుల మధ్య, ముందు రిమ్ము మెలితిరిగి, హ్యాండిల్‌కి టిఫిన్ డబ్బా సంచీ వేలాడుతూ అలాగే ఉండిపోయింది, ఫ్రేము మీద తెల్ల పెయింట్‌తో క్రైమ్ నంబర్ రాశారు. పెద్దకర్మ కూడా కాకముందే ఆయన భార్య దగ్గరికి మధ్యవర్తులు వచ్చి కూర్చున్నారు, పోయినాయన ఎలాగూ రాడమ్మా, పిల్లల చదువు చూసుకో అని. ఈ కేసులో రాజీ పడటానికి చట్టం ఒప్పుకోదు. కానీ చూసినవాడు కోర్టుకొచ్చి నేను చూడలేదంటే రాజీ అయిపోయినట్టే, ఇక్కడా అదే జరిగింది. ఆవిణ్ణి నేను ఒక్క మాట కూడా అనలేను, నెల తిరిగేసరికి అద్దె కట్టాలి కదా.

డబ్బిచ్చాడు కాబట్టి శిక్ష తగ్గిద్దాం అనే ఆలోచన కోర్టుల్లోనూ ఉంది. పంజాబ్‌లో ఒక 304ఏ కేసులో కింది కోర్టు ఏడాది జైలు వేస్తే, 85 వేల రూపాయల పరిహారం కట్టాడని హైకోర్టు దాన్ని అప్పటికే లోపల గడిపిన 24 రోజులకు కుదించేసింది. 2015లో సుప్రీంకోర్టు ఇది కుదరదని ఆరు నెలలు చేసింది, ఈ సెక్షన్ శిక్షను మళ్లీ ఆలోచించాలని చట్టం చేసేవాళ్లకూ చెప్పింది. చెప్పిన తొమ్మిదేళ్లకు గానీ కొత్త శిక్ష అమల్లోకి రాలేదు.

ఇక పదేళ్ల సెక్షన్. పాత 304 పార్ట్ 2, ఇప్పుడు 105, హత్య కిందకు రాని నరహత్య. ఇలా నడిపితే మనిషి చచ్చిపోవచ్చని తెలిసి కూడా నడిపాడు అనేది ఇక్కడ రుజువు కావాలి. నాన్‌బెయిలబుల్, సెషన్స్ కోర్టు. తాగి నడిపినవాళ్లకు, రేసులు పెట్టుకున్నవాళ్లకు సరిగ్గా అతికే సెక్షన్ ఇదే. 2016 జూలైలో హైదరాబాద్ పంజాగుట్టలో తాగిన కుర్రాళ్ల కారు ఒక చిన్న పాపను బలి తీసుకున్నప్పుడు పోలీసులు పెట్టింది ఇదే.

కాకపోతే పెట్టడం వేరు, నిలబడటం వేరు. ముంబై కార్టర్ రోడ్డులో 2006 నవంబర్‌లో పేవ్‌మెంట్ మీద పడుకున్న ఏడుగురు కూలీలను కారు తొక్కేస్తే కింది కోర్టు 304ఏ కిందే ఆరు నెలలతో సరిపెట్టింది, బాంబే హైకోర్టు పార్ట్ 2 కింద మూడేళ్లు చేసింది, 2012లో సుప్రీంకోర్టు దాన్ని ఖాయం చేసింది. ఢిల్లీ లోధీ కాలనీలో 1999 జనవరిలో బీఎండబ్ల్యూ కింద ఆరుగురు పోయిన కేసు ఇంకా పాఠం. కింది కోర్టు ఐదేళ్లు వేసింది, హైకోర్టు సెక్షన్ దించి రెండేళ్లు చేసింది, 2012లో సుప్రీంకోర్టు సెక్షన్‌ని మళ్లీ పైకి తెచ్చింది గానీ జైలు మాత్రం అప్పటికే గడిపిన రెండేళ్లే చాలంది, దాంతోపాటు 50 లక్షలు కట్టమని, రెండేళ్లు సమాజ సేవ చేయమని చెప్పింది. ఏడుగురికి మూడేళ్లు, ఆరుగురికి రెండేళ్లు. పదేళ్ల సెక్షన్ పడిన కేసుల్లో పరిస్థితి ఇది, అదీ దేశమంతా కళ్లప్పగించి చూసిన కేసుల్లో. కడప రోడ్డులోనో నల్గొండ రోడ్డులోనో పాలక్యాన్లతో పడిపోయిన మనిషి కేసును అంత దూరం ఎవరు లాగుతారు?

ఇంకో చిక్కు ఉంది. తాగి నడిపాడని తేలాలంటే రక్తంలో 100 మిల్లీలీటర్లకు 30 మిల్లీగ్రాములు దాటిన ఆల్కహాల్ కనపడాలి, గంటలు గడిచేకొద్దీ అది దిగిపోతుంది. ఆగి ఆస్పత్రికి తీసుకెళ్లినవాడు దొరికిపోతాడు, పారిపోయి మర్నాడు లాయర్‌తో వచ్చినవాడు శుభ్రంగా 106(1)తో బయటపడతాడు. శిక్ష ఎంత పెంచితే పారిపోవడానికి అంత కారణం ఇచ్చినట్టు అవుతోంది. దీనికి విరుగుడుగానే 106(2) రాశారు, చెప్పకుండా పారిపోతే పదేళ్ల వరకు అని, కానీ 2024 జనవరి మొదట్లో లారీ డ్రైవర్లు స్టీరింగ్ వదిలేసి, మన దగ్గర పెట్రోల్ బంకుల ముందు కిలోమీటర్ల కొద్దీ క్యూలు కట్టాక దాన్ని పక్కన పెట్టారు, జూలైలో మిగతా చట్టం వచ్చినా అది రాలేదు. జనం కొడతారనే డ్రైవర్ల భయం ఉత్తిది కాదు, నేనూ ఒప్పుకుంటాను. కానీ ఆ సెక్షన్ అక్కడే నిలబడి దెబ్బలు తినమనలేదు, వెంటనే పోలీసులకో మేజిస్ట్రేట్‌కో చెప్పమంది, అంతే. దాన్ని అమల్లోకి తేవాల్సిందే. దాంతోపాటు డ్రైవర్‌ని నిద్ర లేకుండా తిప్పే ఓనర్‌నీ కేసులోకి లాగాలి, రోజుకు 8 గంటలకు మించి పని చేయించకూడదనే రూలు 1961 నాటి మోటార్ ట్రాన్స్‌పోర్ట్ వర్కర్స్ చట్టం నుంచే ఉంది.

మూడోది లైసెన్స్. దీని గురించి మనం దాదాపు మాట్లాడుకోం, నా దృష్టిలో అసలు విషయం ఇక్కడే ఉంది. మోటారు వాహనాల చట్టం ప్రకారం దోషి అని తేలినవాణ్ణి ఎన్నాళ్లు నడపకూడదో చెప్పే అధికారం కోర్టుకు ఇప్పటికే ఉంది, కాకపోతే అది కోర్టు ఇష్టం. ఇంగ్లాండ్‌లో అలా కాదు. ప్రమాదకరంగా నడిపి చంపితే 2022 జూన్ 28 నుంచి గరిష్ఠ శిక్ష 14 ఏళ్ల నుంచి యావజ్జీవానికి పెంచారు, కానీ నాకు నచ్చింది దాని పక్కనున్న రూలు. కనీసం ఐదేళ్లు డ్రైవింగ్ నిషేధం తప్పనిసరి, జైల్లో గడిపిన కాలంలో ఆ నిషేధం కరిగిపోకుండా అదనంగా కలుపుతారు, ఆ తర్వాత కష్టమైన టెస్ట్ మళ్లీ పాసైతేనే స్టీరింగ్. మన దగ్గర నిషేధం ఉన్నా నడిపి దొరికితే మూడు నెలల వరకు జైలు, లేదా పది వేల జరిమానా, లేదా రెండూ. పది వేలు కట్టి పోయే అవకాశం ఉన్నంతకాలం డబ్బున్నవాడికి అది నిషేధమే కాదు. దాన్ని కచ్చితమైన జైలు చేస్తే అప్పుడు లైసెన్స్ రద్దుకు విలువ వస్తుంది.

పరిహారాన్ని శిక్షతో పోల్చి చూడటమే తప్పు. రోడ్డు ప్రమాదాల పరిహారం తేల్చే ట్రిబ్యునల్‌లో వచ్చేది కుటుంబం హక్కు, అదీ చాలావరకు ఇన్సూరెన్స్ కంపెనీ కట్టేది, నడిపినవాడి జేబులోంచి కాదు. గుద్దిన బండి ఏదో తెలియకపోయినా రెండు లక్షలు వస్తాయి, 2022 ఏప్రిల్‌కి ముందు అది 25 వేలే. ఆ డబ్బు త్వరగా చేతికొస్తే మధ్యవర్తి మాట వినాల్సిన అవసరం ఆ తల్లికి ఉండదు, సాక్షి కూడా నిలబడతాడు.

కాబట్టి నన్నడిగితే మామూలు నిర్లక్ష్యానికి 106(1) చాలు, అయితే అందులో కనీసం ఆరు నెలల జైలు అని రాయాలి, పరిహారం చూపించి దాన్ని తగ్గించకూడదు, ఐదేళ్లు బండి ముట్టకూడదు. తాగినా, రేసు పెట్టినా, కావాలని ఎదురు లేన్‌లో దూసుకొచ్చినా 105, జీవితకాలం లైసెన్స్ రద్దు. అన్నిటికీ పదేళ్ల సెక్షన్ పెట్టమనేవాళ్లతో నేను ఏకీభవించను, ఎందుకంటే రుజువు కాని పదేళ్ల కంటే తప్పకుండా పడే ఆరు నెలలు డ్రైవర్‌ని ఎక్కువ భయపెడతాయి.

చట్టం మారేలోపు ఇలాంటి ఇంట్లో మీ మాట వినేవాళ్లుంటే రెండు పనులు చేయించండి. మొదటి రోజే డ్రైవర్ రక్త పరీక్ష చేశారా అని స్టేషన్‌లో రాతపూర్వకంగా అడగండి, దారిలో ఉన్న షాపుల సీసీ కెమెరా రికార్డింగ్ చెరిగిపోయేలోపు తీసుకోమని అదే కాగితంలో రాయండి, ఆ కాగితం మీద స్టేషన్ ముద్ర వేయించుకుని ఒక కాపీ దగ్గర పెట్టుకోండి. కోర్టు 105ని దించి 106 కిందే దోషి అంటే దాని మీద అప్పీలు చేసుకునే హక్కు నేరుగా కుటుంబానికే ఉంది, సర్కారు వకీలు కదిలేదాకా ఎదురుచూడక్కర్లేదు.