కెనానెట్టా, యాషికానా?

ఖరీదైన లైకా కెమెరా కొనే స్తోమత లేదు, రేంజ్‌ఫైండర్ (కిటికీలో కనబడే రెండు బొమ్మల్ని ఒకటి చేసి ఫోకస్ పట్టే ఫిల్మ్ కెమెరా) మోజు మాత్రం పోదు. అలాంటివాళ్లకి నేను చెప్పేవి రెండే: కెనాన్ కెనానెట్ క్యూఎల్17 జీ3, యాషికా ఎలక్ట్రో 35 జీఎస్ఎన్. రెండూ 1970ల నాటి జపాన్ కంపెనీల సరుకే, రెండింటికీ వెలుతురు బాగా తీసుకునే ఎఫ్/1.7 లెన్సే.

యాషికాతో పని సులువు. మీరు అపెర్చర్ (లెన్సులో వెలుతురు వచ్చే రంధ్రం సైజు) పెడితే షట్టర్ స్పీడు (ఫిల్మ్ మీద వెలుతురు పడే సమయం) అదే చూసుకుంటుంది. బటన్ సగం నొక్కినప్పుడు పసుపు లైటు వెలిగితే స్పీడు తక్కువ, చెయ్యి కదపకండి. ఎరుపు వెలిగితే వెలుతురు ఎక్కువ. సాయంత్రం టీ కొట్టు దగ్గర ఫొటోలకి ఇది హాయి. చిక్కల్లా బ్యాటరీయే: అది అయిపోతే మిగిలేది 1/500 సెకను స్పీడు ఒక్కటే. పాత 5.6 వోల్టుల మెర్క్యురీ సెల్ ఇప్పుడు దొరకదు, అడాప్టర్ వెతుక్కోవాలి. పైగా లోపలి రబ్బరు ప్యాడ్ అరిగిపోయే రకం. కొనేముందు ఫిల్మ్ లివర్ తిప్పి చూడండి, 'టక్' మని వినబడాలి, లేకపోతే ఆ ప్యాడ్ పోయినట్టే.

కెనానెట్ చిన్నది, తేలిక. బ్యాటరీ చచ్చినా 1/4 నుంచి 1/500 దాకా అన్ని స్పీడులూ పనిచేస్తాయి. కాకపోతే మాన్యువల్‌లో, అంటే స్పీడూ అపెర్చరూ మీరే పెట్టేటప్పుడు, వెలుతురు కొలిచే మీటరు పనిచెయ్యదు, ఆ లెక్క మీరే వేసుకోవాలి.

నా సంచిలో ఉండేది కెనానెట్టే.