పోస్టు తీయించే చట్టమా, లెక్క చెప్పించే చట్టమా: ఏది మేలు?

సోషల్ మీడియాలో అబద్ధాలకు కళ్లెం వేస్తామంటూ బిల్లు వచ్చిన ప్రతిసారీ నేను ముందు వెతికేది ఒక్కటే. ఏది నిజమో తేల్చేది ఎవరు?

జర్మనీ 2017లో ఆ పని కంపెనీలకే అప్పగించి గడువు పెట్టింది. 2024లో ఆ చట్టం పక్కకు పోయేదాకా, చట్టవిరుద్ధమని చూడగానే తెలిసే పోస్టును ఫిర్యాదు అందిన 24 గంటల్లో తీసేయాల్సి వచ్చేది. ఆ ఏర్పాటు సరిగా లేకపోతే జరిమానా 5 కోట్ల యూరోల దాకా ఉండేది. వినడానికి బాగానే ఉంది. కానీ మోడరేటర్, అంటే పోస్టు ఉంచాలో తీయాలో చూసే కంపెనీ ఉద్యోగి, కుర్చీలో కూర్చుని చూడండి. ఎదురుగా ఓ పోస్టు. వెటకారమా, ద్వేషమా? ఉంచితే జరిమానా, తీసేస్తే అడిగేవాడు లేడు. ఇంకేం, తీసేస్తాడు. చట్టం పూర్తిగా అమల్లోకి వచ్చిన 2018 జనవరిలోనే 'టైటానిక్' అనే వ్యంగ్య పత్రిక ట్విట్టర్ ఖాతా కొన్నాళ్లు మూతపడింది. ఓ నాయకురాలి ట్వీటుకు పేరడీ రాయడమే వాళ్లు చేసిన పని.

సింగపూర్ 2019 చట్టంలో ఆ తేల్చే మనిషి మంత్రి. ఆయన ఆదేశిస్తే పోస్టుకు సవరణ నోటీసు తగిలించాలి. పోస్టు అలాగే ఉంటుంది, చదివేవాడికి రెండు వైపులూ కనిపిస్తాయి. ఆ పద్ధతి నాకు నచ్చింది. నచ్చనిది మంత్రి ఉండటం. తగువులో ఉన్నవాడే పెద్దమనిషిగా కూర్చుంటే తీర్పు నమ్మేదెవరు? మన దగ్గరా ఇదే జరగబోయింది. కేంద్ర ప్రభుత్వ వ్యవహారాల మీద వచ్చే వార్తలు నిజమో కాదో ఆ ప్రభుత్వం పెట్టే ఫ్యాక్ట్ చెక్ యూనిటే తేల్చేలా 2023లో మన ఐటీ నిబంధనలు మార్చారు. 2024 సెప్టెంబరులో బాంబే హైకోర్టు దాన్ని కొట్టేసింది.

యూరప్ 2022లో చేసిన డిజిటల్ సర్వీసెస్ యాక్ట్ పోస్టు జోలికంటే కంపెనీ పద్ధతుల జోలికి ఎక్కువ వెళ్తుంది. పోస్టు తీస్తే కారణం రాసివ్వాలి, అప్పీలుకు దారి ఉండాలి. నెలకు 4.5 కోట్లకు పైగా యూరప్ యూజర్లున్న ప్లాట్‌ఫాంలైతే తమవల్ల వచ్చే ముప్పును ఏటా అంచనా వేయాలి, బయటి ఆడిటర్లకు లెక్కలు చూపాలి. తప్పితే ప్రపంచవ్యాప్త టర్నోవర్‌లో 6 శాతం దాకా జరిమానా. ఇది నిదానం, ఒప్పుకుంటాను. పోలింగ్ రోజు పొద్దున పుట్టిన పుకారును సాయంత్రంలోగా ఆపలేదు.

అయినా నా ఓటు దీనికే. పిల్లల లైంగిక దోపిడీ, నేరుగా చంపుతామనే బెదిరింపులు, ఇలాంటి వాటికి మాత్రం జర్మనీ తరహా గడువు కలుపుతాను. ఇక ఫ్యామిలీ గ్రూపులో 'ఫార్వర్డెడ్ మెనీ టైమ్స్' ముద్రతో వచ్చే ఆడియో సంగతంటారా, నేను ఓటేసిన ఈ చట్టం చెయ్యి అంతదాకా చేరదు.