షోపాన్ వినాలా, లిస్ట్ వినాలా?

ఫ్రెడెరిక్ షోపాన్, ఫ్రాంజ్ లిస్ట్ ఇద్దరూ పియానో వాయించడంలో, దానికి సంగీతం రాయడంలో ఘనులే, వయసులో ఏడాదే తేడా, 1830లలో ఇద్దరూ పారిస్‌లోనే ఉన్నారు. అయినా వింటే పొంతన ఉండదు. షోపాన్ ఓపస్ 9లోని (ఓపస్ అంటే రచనల వరస సంఖ్య) రెండో నాక్టర్న్, అంటే రాత్రిని తలపించే పియానో రచన, పెట్టుకోండి: ఎడమచేయి ఊయలలా తూగుతూ ఉంటే కుడిచేయి పాట పాడుతుంది, అదే వరస మళ్లీ వచ్చినప్పుడల్లా కొత్త అల్లికతో వస్తుంది, అచ్చం మన కచేరీల్లో సంగతులు వేసినట్టే. చిన్న గదిలో వినాల్సిన సంగీతం.

లిస్ట్‌కు హాలు దద్దరిల్లాలి. ఆయన పియానో రచన ‘లా కాంపనెల్లా’ (అంటే ‘చిన్న గంట’)లో కుడిచేయి దాదాపు రెండు స్థాయిల దూరం గెంతి గంట మోగించి వస్తుంది, చూస్తుంటేనే టెన్షన్! 1842లో బెర్లిన్ జనం ఆయన కోసం వెర్రెత్తిపోయారు. షోపాన్‌కేమో జనం ముందు వాయించాలంటేనే బెరుకు.

రాత్రిపూట నా ఓటు షోపాన్‌కే. అన్నట్టు, ఓపస్ 10 ఎట్యూడ్‌లను (సాధన కోసం రాసిన పియానో రచనలను) ఆయన అంకితమిచ్చింది లిస్ట్‌కే.