చపాటా పేరున్న ప్యాకెట్టా, గిర్నీలో పట్టించిన కారమా?

వరంగల్ చపాటా మిర్చికి 2025లో భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) దక్కింది. మన రైతుల కష్టానికి దక్కిన పేరది. అందుకే ఆ పేరు పెట్టి ఏ కారం పడితే ఆ కారం అమ్మితే నాకు కోపం వస్తుంది.

చపాటా కాయ పొట్టిగా, ఉబ్బెత్తుగా ఉంటుంది. టమాటా మిర్చి అని కూడా అంటారు. రంగు ఎక్కువ, ఘాటు తక్కువ. తేజ రకం మిర్చి అలా కాదు, సన్నగా ఉండి మంట పుట్టిస్తుంది. వరంగల్ ఏనుమాముల మార్కెట్‌లో రెండు రాశులు పక్కపక్కన పోస్తే చిన్నపిల్లలు కూడా తేడా చెప్తారు. పొడి అయ్యాక మాత్రం ఎవరూ కంటితో చూసి చెప్పలేరు. పేరు వాడుకునేవాళ్లకు దొరికే సందు ఇదే.

ప్యాకెట్‌లో సుఖం ఉంది, కాదనను. తొడిమలు తియ్యక్కర్లేదు, ఎండ కోసం చూడక్కర్లేదు. కానీ ముందువైపు చపాటా అని పెద్ద అక్షరాలు చూసి ఆగిపోకండి, వెనక్కి తిప్పండి. పదార్థాల జాబితాలో ఉట్టి మిరపకాయలు అనే ఉంటే అందులో ఏ రకం ఎంతో మీకు తెలియదు. బ్రాండ్ పేరులోనే ప్యూర్, నేచురల్ లాంటి మాటలుండి అవి జనాన్ని తప్పుదారి పట్టించేలా ఉంటే, అది బ్రాండ్ పేరు మాత్రమేనని, సరుకు అసలు స్వభావాన్ని తెలపదని లేబుల్ మీద రాయాలని ఆహార భద్రతా నిబంధన. ఆ చిన్న అక్షరాలు వెతికి చదవండి. కారాన్ని నీళ్లలో చల్లితే కలిపిన రంగు చారలుగా దిగుతుంది గానీ, రకం బయటపడదు.

విడిగా తూచి అమ్మే పొడికి లేబులే ఉండదు. దాన్ని వదిలేయండి.

నా ఓటు గిర్నీకే, అంటే పిండి మరకే. కాయ చూసి కొంటాం, మన కళ్లముందే పట్టిస్తాం. తరుగు పోతుంది, లైన్లో నిలబడాలి, నిజమే. మీకంటే ముందు ఎవరైనా పసుపో ధనియాలో పట్టించారేమో అడగండి. ఘాటు కావాలంటే కొంచెం తేజ కలపండి, ఎంత కలిపారో మీకే తెలుస్తుంది.

హైదరాబాద్ ఫ్లాట్‌లో ఎండబెట్టే చోటు లేనివాళ్లకు ప్యాకెట్ తప్పదు. అప్పుడు భౌగోళిక గుర్తింపు ముద్ర, ప్యాక్ చేసినవారి చిరునామా చూసి కొనండి. నమోదైన పేరును తప్పుగా వాడితే భౌగోళిక గుర్తింపుల 1999 చట్టం కింద 6 నెలల నుంచి 3 ఏళ్ల దాకా జైలు ఉంది. అనుమానం వస్తే బిల్లు దాచుకుని వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి.