టిరానాలో నాలుగు రోజులు: భయం కాపురమున్న ఇళ్లు

అల్బేనియా రాజధాని టిరానా విమానాశ్రయానికి, అల్బేనియన్ కుటుంబంలో పుట్టిన మదర్ థెరిసా పేరు పెట్టారు. కలకత్తాలో ఉన్న ఆమె తన తల్లిని ఒక్కసారి చూడాలని ఎంత ప్రయత్నించినా అల్బేనియా కమ్యూనిస్టు ప్రభుత్వం ఒప్పుకోలేదు. తల్లి డ్రానా 1972లో ఈ నగరంలోనే కన్నుమూశారు. కూతురు ఈ దేశంలో అడుగుపెట్టగలిగింది 1989లో. కమ్యూనిస్టు నియంత ఎన్వర్ హోజా 1944 నుంచి 1985లో చనిపోయేదాకా ఏలిన ఆ కాలపు ఆనవాళ్లు చూడాలనే నేనూ మా ఆవిడా వెళ్లాం.

ఒక్క చోటికే సమయం ఉంటే ‘ఆకుల ఇల్లు’ మ్యూజియం చూడమంటాను. ముందు గోడంతా తీగ అల్లుకుని ఉండడం వల్ల దానికా పేరు వచ్చింది. 1931లో ప్రసూతి వైద్యశాలగా కట్టిన ఈ మేడను జర్మన్ల ఆక్రమణ కాలంలో గెస్టపో వాడుకుంది, ఆ తరువాత రహస్య పోలీసు సంస్థ సిగురిమి జనం మాటలు దొంగచాటుగా వినడానికి వాడుకుంది. పురుళ్లు పోసిన ఇంట్లోనే ఈ పని జరిగిందన్న సంగతి గది గదికీ మనసును మెలిపెడుతూనే ఉంటుంది. గోడలకు చెవులుంటాయని మనం మాటవరసకు అంటాం. ఇక్కడ ఆ చెవులను అద్దాల పెట్టెల్లో వరుసగా పేర్చారు. ఒక గదిని ఆనాటి మధ్యతరగతి ఇంటి ముందుగదిలాగే అమర్చారు. కుర్చీ, బల్ల, రేడియో చూస్తుంటే మా అమ్మమ్మ ఇల్లు గుర్తొచ్చింది, ఆ వెంటనే ఇందులో మైకు ఎక్కడ పెట్టి ఉంటారా అని కళ్లు వెతకడం మొదలుపెట్టాయి. మేము వెళ్లినప్పుడు టికెట్ 700 లెక్‌లు (అల్బేనియా కరెన్సీ).

అక్కడ పదే పదే వినిపించే మాట ‘బయోగ్రఫీ’, అంటే కుటుంబ రాజకీయ చరిత్ర. ఇంట్లో ఒకరికి శిక్ష పడితే ఆ మచ్చ కుటుంబమంతటికీ అంటుకునేది. పిల్లలకు విశ్వవిద్యాలయంలో చోటు దొరికేది కాదు, చాలా కుటుంబాలను మారుమూల పల్లెలకు తరలించేవారు. మేము దిగిన ఇంటి పెద్దావిడ తన అన్నగారి చదువు అలాగే ఆగిపోయిందని చెప్పారు. ఆ బస శుభ్రంగా ఉంది, వేడినీళ్లకు లోటు లేదు, లిఫ్టు లేని నాలుగో అంతస్తు కావడమే ఇబ్బంది. శాకాహారులకు పాలకూర బ్యురెక్ (పొరల పిండితో కాల్చిన వంటకం) ఎక్కడైనా దొరుకుతుంది.

ఊరి చివరనున్న మ్యూజియం బంక్ఆర్ట్ 1 ఒకప్పుడు అణుదాడి భయంతో పాలకుల కోసం భూగర్భంలో కట్టిన 106 గదుల ఆశ్రయం. బస్సులో సులభంగా చేరుకోవచ్చు. లోపల చలి కాబట్టి స్వెటర్ ఉండాలి. అయితే అక్కడ ఎక్కువగా కనిపించేది పాలకుల భయం. ప్రజల భయం తెలియాలంటే నగరం నడిబొడ్డునున్న అలాంటి మరో మ్యూజియం బంక్ఆర్ట్ 2 మేలు, ఇరుకుగా ఉన్నా సరే. దాని ప్రవేశ గుమ్మటం లోపలంతా బాధితుల ఫొటోలే. ఆ పాలనలో మరణశిక్షకు గురైనవారు సుమారు 6,000 మందని చెబుతారు.

నగరం బయట స్పాచ్ అనే పాత జైలు శిబిరానికి మాట్లాడుకున్న కారు సంస్థ ఆ ఉదయమే రాలేమని చెప్పి, బయానా తిరిగివ్వలేదు. వేరే బండి దొరికేసరికి మధ్యాహ్నమైంది. 1968 నుంచి 1991 దాకా రాజకీయ ఖైదీల చేత రాగి, పైరైట్ గనులు తవ్వించిన శిబిరమది. 1973 మేలో ఖైదీలు తిరగబడి, కమ్యూనిస్టు నక్షత్రం లేని జాతీయ జెండా ఎగరేశారు. అందుకు నలుగురిని కాల్చి చంపారు. అంతటి చోట మేము వెళ్లినప్పుడు టికెట్ లేదు, కాపలా లేదు, మరుగుదొడ్డి లేదు. కిటికీలు ఊడిపోయిన కాంక్రీటు గదులు వానకు నానుతున్నాయి. నగరంలో అంత శ్రద్ధగా మ్యూజియాలు కట్టినవాళ్లు దీన్నిలా వదిలేయడం నాకు చాలా బాధ కలిగించింది. వెళ్లేవారు నీళ్లు, తిండి వెంట తీసుకెళ్లండి, శిథిలమైన మెట్లు ఎక్కకండి. పొద్దున్నే బయలుదేరండి, మాకు మిగిలిన నలభై నిమిషాలు ఒక్క భవనం చుట్టూ తిరగడానికే సరిపోయాయి.